బడి బూట్లు: ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు, పదిహేడు జతలు

పెద్దాడు ఒకటో తరగతిలో ఉండగా ఒక ఆదివారం గోళ్లు తీస్తుంటే ఎడమ బొటనవేలి గోరు నల్లగా కనపడింది. ఎప్పట్నుంచిరా అంటే ఏమో అన్నాడు. బూటు కరుస్తోందా అంటే అదీ ఏమో. విచిత్రమేంటంటే ఆ బూట్లు వాడికి బిగుతు కాదు, రెండు సైజులు పెద్దవి. "ఎదిగే కాలు, పెద్దవి తీసుకో, రెండేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నారు అత్తయ్య. షాపతనూ అదే అన్నాడు. నేనూ సరేనని ముందు భాగంలో దూది కుక్కి పంపించాను. పరిగెత్తినప్పుడల్లా కాలు ముందుకు జారి, గట్టిపడిపోయిన ఆ దూదికి గోరు కొట్టుకునేదట. విప్పి చూస్తే దూది చెమటకి నాని, ఎండి, సుద్దముక్కలా తయారైంది.

అప్పట్నుంచి మొదలైంది నా బూట్ల పరిశోధన. విజయవాడలో ఉంటాం కాబట్టి ఎక్కువ కొన్నది బీసెంట్ రోడ్డులో, కొన్ని ఆన్‌లైన్లో. పెద్దాడికి యూకేజీ నుంచి ఐదో తరగతి దాకా, పాపకి ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి దాకా లెక్కేస్తే పదిహేడు జతలు. మూడు రకాలు వాడాం.

మొదటిది మొత్తం అచ్చు పోసిన నల్ల పీవీసీ బూటు, పైన అతికించే పట్టీ ఉన్నది. మాకు 350 నుంచి 450 మధ్య పడింది. దీని గొప్పతనం వానాకాలంలో తెలుస్తుంది. జూలైలో మా సందులో మోకాలి లోతు నీళ్లు నిలిచినా, ఇంటికొచ్చాక బూటు కడిగి తలకిందులుగా పెడితే పొద్దున్నకి రెడీ. పాలిష్ అక్కర్లేదు, తడిగుడ్డ చాలు. కానీ గాలాడదు. వాన లేని రోజున కూడా సాక్సు పిండితే నీళ్లొచ్చేంత చెమట. పాప వేళ్లు సాయంత్రానికి ఎక్కువసేపు ఈత కొట్టినట్టు ముడతలు పడి తెల్లగా ఉండేవి. నూలు సాక్సులు కొని, ఒక జత బ్యాగులో అదనంగా పెట్టడం మొదలెట్టాక కాస్త నయం. ఇంకో సంగతి, వంగే చోట ఒకసారి చీలిందంటే ఆ బూటు పని అయిపోయినట్టే. మా సందు చివర చెప్పులు కుట్టే తాత చేతిలో తిప్పి చూసి, "ఇది కుట్టు పట్టదమ్మా, సూది దింపితే ఇంకా చీలుద్ది" అని వెనక్కిచ్చేశాడు.

రెండోది కుట్టు బూటు. పైన రెక్సిన్ లాంటిది, లోపల గుడ్డ, కింద తేలికైన సోలు. మా చిన్నప్పుడు బాటా నాటీ బాయ్ తెచ్చారంటే ఆ ఏడు ఇంట్లో డబ్బులున్నాయని లెక్క. ఇప్పుడు ఈ రకం అన్ని కంపెనీలవీ దొరుకుతున్నాయి. మేం కొన్నవి 800 నుంచి 1,200 లోపు. నడకకి ఇవే సుఖం, అందులో సందేహం లేదు. సోలు ఊడితే తాత చుట్టూ కుట్టేసి 60 రూపాయలు తీసుకుంటాడు, ఇంకో నాలుగు నెలలు లాగుతుంది. వానకి మాత్రం పనికిరావు. రెండుసార్లు పూర్తిగా తడిస్తే లోపలి అట్ట ఉబ్బి, దాని వాసన చెప్పుల స్టాండు మొత్తానికీ పాకుతుంది.

మూడోది శనివారాల తెల్ల కాన్వాసు. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. చవక, ఉతికితే ఒక్క రోజులో ఆరుతుంది, మరక కనపడితే సుద్దముక్క రుద్దుతాం. అన్న వాడినవి చెల్లెలికి పనికొచ్చేది ఈ ఒక్కటే. మిగతా బూట్లలో సోలు పాత కాలి తీరునే ఒక పక్కకి అరిగి ఉంటుంది, కొత్త కాలు ఆ పక్కకే వాలుతుంది.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ఒకసారి ఆఫర్లో సగం ధరకి వస్తున్నాయని కుట్టు బూట్లు రెండు జతలు, మున్ముందుకి పనికొస్తాయని పై సైజుల్లో కొని బీరువా మీద పెట్టాను. రెండేళ్ల తర్వాత జూన్ 12న బడి తెరిచే రోజు పొద్దున డబ్బా తీశాను. చూడ్డానికి కొత్తవే, కాగితం కూడా విప్పలేదు. వాడు వేసుకుని మెట్లు దిగుతుంటే వెనకాల నల్లటి పొడి. గేటు దగ్గరికి వెళ్లేసరికి మడమ దగ్గర సోలు తడిసిన రస్కులా ముక్కలై రాలింది. రెండో జత వంచి చూస్తే అదీ అంతే. తేలికగా ఉండే ఆ పీయూ సోలు, అంటే పాలీయురెథేన్, వాడినా వాడకపోయినా గాలిలో తేమకే విరిగిపోతుందని తర్వాత తెలిసింది. మన కోస్తా ఉక్కపోతలో డబ్బాలో దాచడమంటే దాన్ని చేతులారా పాడు చేసుకోవడమే. ఆ రోజు వాడు కొత్త యూనిఫాం మీద హవాయి చెప్పులతో వెళ్లాడు.

సైజు నంబర్ల తంటా వేరే. మన షాపుల్లో నడిచేది ఇంగ్లండు లెక్క. ఒక బార్లీ గింజ పొడవు, అంటే అంగుళంలో మూడో వంతు, ఒక సైజు. సుమారు 8.5 మిల్లీమీటర్లు. పిల్లల సైజులు 13 దాకా వెళ్లి మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, అంటే 1 నంబరు రెండు చోట్ల వస్తుంది. అది తెలియకే, 13 బిగుతైందని ఒక యాప్‌లో 1 నంబరు పెట్టాను. పోస్టుకార్డు కన్నా చిన్న బూట్లు వచ్చాయి, నెలల పిల్లలవి! వెనక్కి తీసుకోమంటే సైజు మీరే ఎంచుకున్నారన్నారు. పాప వాటిని తన ఎలుగుబంటి బొమ్మకి తొడిగింది, ఇప్పటికీ ఉన్నాయి.

పైగా నంబరు చెప్పేది పొడవే, వెడల్పు కాదు. పాపకి పాదం ముందు భాగం వెడల్పు, పొడవు సరిపోయినా చిటికెనవేలు నొక్కుకుపోతుంది. దాని కాలే తేడా అనుకునేదాన్ని. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ సీఎల్‌ఆర్‌ఐ వాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిస్తే, మన పాదాలు యూరప్ వాళ్లకన్నా వెడల్పని తేలింది. అందుకే 'భ' అనే పేరుతో మనకంటూ వేరే సైజులు ప్రతిపాదించారు. అవి షాపులకొచ్చి మా పాపకి అందేదాకా ముందు భాగం గుండ్రంగా ఉన్నవే వెతుక్కుంటున్నాను. మొన కోసుగా ఉన్నది ఎంత మంచి కంపెనీదైనా ముట్టుకోను.

మా ఇంట్లో కొలత ఇలా తీస్తాం. సాయంత్రం పూట, ఎందుకంటే పొద్దుటికన్నా అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బడి సాక్సు తొడిగి, పాత క్యాలెండరు అట్ట మీద నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీస్తాను. పెద్దాడికి కుడి కాలు ఎడమదానికన్నా 3 మిల్లీమీటర్లు పొడుగు, అదే లెక్కలోకి తీసుకుంటాను. ఆ పొడవుకి ఒక సెంటీమీటరు కలిపి వేలెడు వెడల్పు పట్టీ కత్తిరించి పర్సులో వేసుకుంటాను. షాపులో ఆ పట్టీ బూటు లోపల మడత పడకుండా పూర్తిగా కూర్చోవాలి, ముందర మరీ ఖాళీ మిగలకూడదు. షాపు కుర్రాడు బొటనవేలు నొక్కి "సరిపోయింది మేడమ్" అంటే నమ్మను. నొక్కగానే మా వాడు వేళ్లు లోపలికి ముడిచేస్తాడు. బూటులో ఊడొచ్చే అట్ట ఉంటే దాన్ని నేల మీద వేసి పిల్లని నిలబెట్టండి, వెడల్పు సంగతి కూడా అక్కడే తేలిపోతుంది.

మా కొలతల ప్రకారం పెద్దాడి పాదం యూకేజీలో 17.5 సెంటీమీటర్లు, ఈ జూన్‌లో 22.5. ఏడాదికి సుమారు సెంటీమీటరు, అంటే ఒక సైజు పైచిలుకు. రెండు సైజులు పెద్దవి కొనే అవసరం ఎప్పుడూ లేదన్నమాట. ఇప్పుడు మేం చేస్తున్నది ఒక్కొక్కరికి జూన్‌లో ఒక పీవీసీ జత, వానలు తగ్గి సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక కుట్టు జత. ఇద్దరికీ కలిపి ఏడాదికి మూడు వేలలోపే తేలుతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 లోపు చెప్పులు, బూట్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది కాబట్టి కుట్టు జతకి కాస్త వెసులుబాటు కూడా వచ్చింది. అత్తయ్య మాత్రం "రెండుసార్లు కొనడం దుబారా" అని ఇప్పటికీ అంటూనే ఉంటారు. దూది సంగతి గుర్తు చేస్తే టీవీ సౌండు పెంచుతారు.

మొన్న ఆదివారం పెద్దాడు నా చెప్పులేసుకుని పాల ప్యాకెట్‌కి వెళ్లాడు. వెనక నుంచి చూస్తే మడమ దగ్గర చిటికెన వేలంత ఖాళీ కూడా లేదు.