ఆరేళ్ల టెస్టోస్టిరాన్ చికిత్స: డోసు, రక్తపరీక్ష, వాటి మధ్య తేదీ

2019లో, మెదడు అడుగున ఉండి ఇతర గ్రంథులను నడిపే పిట్యూటరీ గ్రంథిలోని గడ్డను తీయించుకున్న తర్వాత నేను మూడు హార్మోన్లను బయటి నుంచి తీసుకోవలసి వచ్చింది. కార్టిసాల్ లోటుకు హైడ్రోకార్టిసోన్, థైరాయిడ్‌కు థైరాక్సిన్ రోజూ వేసుకునే మాత్రలే కనుక అవి త్వరగానే అలవాటయ్యాయి. మూడోదైన టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోనుతోనే ఆరేళ్లుగా తంటాలు పడుతున్నాను. ఈ కాలంలో మూడు రకాల మందులు వాడాను, ముప్పైసార్లకు పైగా రక్తం ఇచ్చాను. ఏ మందు మేలైనదన్న దానికంటే, మందు పడిన ఎన్నో రోజున రక్తం ఇచ్చామన్నదే ముఖ్యమని తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాదిన్నర పట్టింది.

చికిత్స మొదలుపెట్టే ముందు ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల వైద్యుడు, రెండు వేర్వేరు రోజులలో, ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో, పరగడుపున రక్తం ఇప్పించారు. డెసిలీటరుకు ఒకసారి 118 నానోగ్రాములు, మరోసారి 131 వచ్చింది, రెండూ బాగా తక్కువే. ఈ హార్మోను తెల్లవారుజామున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది, తిండి తిన్నాక కూడా కొంత పడిపోతుంది, అందువల్ల ఒక్క రిపోర్టు చూసి నిర్ణయం తీసుకోకూడదని ఆయన చెప్పారు. ఇక పిల్లలు కావాలనుకుంటున్నారా అని అడిగారు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుందనీ, సంతానం కోరుకునేవారికి దారి వేరుగా ఉంటుందనీ వివరించారు. మాకు అప్పటికే ఇద్దరు పిల్లలు. జిమ్ముల్లో ఎవరో చెప్పారని చీటీ లేకుండా ఇదే మందు పొడిపించుకుంటున్న పాతికేళ్ల కుర్రవాళ్లకు ఈ ఒక్క ప్రశ్న వేసేవారు ఎవరూ ఉండరు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొదట వాడింది ఎనాంథేట్ అనే టెస్టోస్టిరాన్ సూది, మూడు వారాలకు ఒకసారి 250 మిల్లీగ్రాములు. నూనెలో కలిపిన ఈ మందు కండరంలోంచి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది కానీ, ఆ దిగడం సమానంగా ఉండదు. మొదటి వారం ఒంట్లో ఉరకలు వేసే ఉత్సాహం, దానితోపాటు చిన్న మాటకే చిరాకు. మూడో వారానికి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనం కాగానే కుర్చీలోనే కునుకు. మా ఆవిడ క్యాలెండరు చూడకుండానే నాకు సూది ఎప్పుడు పడిందో చెప్పేసేది.

ఆ రోజులలోనే అసలు గందరగోళం జరిగింది. మా ఊళ్లో మరో వైద్యుడి సలహాపై, సూది వేయించుకున్న నాలుగో రోజున పరీక్ష చేయిస్తే 1,140 వచ్చింది. డోసు సగానికి తగ్గించాలన్నారు. అది నాకు నచ్చక మరికొన్నాళ్లు ఆగి, ఇంకో విడతలో ఇరవయ్యో రోజున ఇస్తే 236 వచ్చింది; ఈసారి డోసు పెంచాలన్నారు. మందు అదే, మనిషీ అదే. రెండు కాగితాలూ పట్టుకుని మా ఎండోక్రైనాలజిస్టు దగ్గరకు వెళితే, ఆయన వాటిని పక్కన పెట్టి, ఎనాంథేట్ వాడేవారు రెండు సూదుల మధ్యలో, అంటే సగం గడువు గడిచిన రోజున రక్తం ఇవ్వాలనీ, అప్పుడు అంకె 350కీ 600కీ మధ్య ఉంటే డోసు జోలికి పోనక్కర్లేదనీ చెప్పారు. ఆ రోజు నుంచి ఒక చేతిపుస్తకంలో సూది తేదీ, రక్తం తీసిన తేదీ, మధ్యలో గడిచిన రోజులు, అంకె అనే నాలుగు గళ్లు గీసుకుని రాస్తున్నాను.

అంకె సంగతి అలా తేలినా, రక్తం చిక్కబడడం అనే రెండో సమస్య మిగిలింది. మన ల్యాబుల్లో సి.బి.పి. అని పిలిచే పరీక్షలో పి.సి.వి. అని ఒక గడి ఉంటుంది. హెమటోక్రిట్ అన్నా అదే, రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం. టెస్టోస్టిరాన్ ఎర్రకణాల తయారీని పెంచుతుంది కనుక, చికిత్సకు ముందు, మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల లోపు, ఆపైన ఏడాదికొకసారి దీనిని చూస్తారు. 54 శాతం దాటితే మందు ఆపి, తగ్గాక తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెడతారు. నాది 44 నుంచి 54.6కు ఎక్కింది. అయితే ఆ రక్తం ఇచ్చింది మే నెలలో, రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి, నీళ్లు సరిగా తాగకుండా. వారం తర్వాత బాగా నీళ్లు తాగి మళ్లీ ఇస్తే 52.8కి దిగింది. అయినా డాక్టరుగారు తేలికగా తీసుకోలేదు. నిద్రలో ఊపిరి ఆగే సమస్య వల్ల కూడా రక్తం చిక్కబడవచ్చు కనుక, గురక పెడతారా అని అడిగి నిద్ర పరీక్ష చేయించారు, ఆ సమస్య లేదని తేలాక సూదుల పద్ధతినే మార్చారు.

అదే ఎనాంథేట్ వారానికి 75 మిల్లీగ్రాములు, తొడ కండరంలో, నేనే వేసుకోవడం. ఒంటికి ఇది హాయిగా కుదిరింది, ఎగుడుదిగుళ్లు పోయాయి, పి.సి.వి. 49 దగ్గర నిలిచింది. చిక్కల్లా ఆంప్యూల్ అనే చిన్న గాజు సీసాతోనే. గాజు మెడ విరిచి 0.3 మిల్లీలీటర్లు లాగాక, మిగిలిన 0.7ను దాచుకునే వీలు లేదు, పారబోయవలసిందే. ప్రతి ఆదివారం ఉదయం కొన్న మందులో మూడింట రెండు వంతులకు పైగా సింకులో పోయడానికి నా మనసు ఒప్పుకోలేదు.

మధ్యలో నాలుగు నెలలు జెల్ వాడాను. సూది బాధ లేదు కానీ, రాసుకున్న చోట ఇతరుల చర్మం తగిలితే మందు వారికీ అంటుతుంది. ఇంట్లో ఆరేళ్ల పాప ఎప్పుడూ భుజం మీదే ఉంటుంది కనుక మానేశాను. ఒక ఉపయోగకరమైన సంగతి మాత్రం చెప్పాలి: జెల్ రాసిన చేతి నుంచే రక్తం తీస్తే చర్మం మీది మందు కలిసి అంకె ఎక్కడికో పోతుంది.

మూడేళ్లుగా వాడుతున్నది అన్‌డెకనోయేట్ అనే మరో టెస్టోస్టిరాన్ సూది, 1,000 మిల్లీగ్రాములు, నాలుగు మిల్లీలీటర్ల ఆముదం నూనెలో. మొదటి సూది తర్వాత ఆరు వారాలకు రెండోది, ఆపైన 10 నుంచి 14 వారాలకు ఒకటి. చిక్కటి మందు కావడంతో నర్సమ్మ సీసాను కాసేపు అరచేతిలో వెచ్చబెట్టి, పిరుదు కండరంలోకి రెండు నిమిషాల పాటు మెల్లగా ఎక్కిస్తుంది. నూనె ఊపిరితిత్తులకు చేరితే దగ్గు రావచ్చని అరగంట కూర్చోబెడతారు. ఒక్కసారి నాకు గొంతులో గరగర మొదలై రెండు నిమిషాలు దగ్గాను, దానంతటదే తగ్గింది. దీనికి రక్తం ఇవ్వవలసిన రోజు వేరు: తర్వాతి సూదికి సరిగ్గా ముందు. పన్నెండో వారం చివర నాకు 288 వచ్చింది. డోసు ముట్టుకోకుండా గడువును పదకొండు వారాలకు జరిపితే 410 అయింది.

ల్యాబు మారిస్తే కొలమానాన్ని కూడా చూసుకోవాలి. ఒకసారి రిపోర్టులో 4.3 చూసి గుండె జారిపోయింది. అది మిల్లీలీటరు లెక్క, అంటే డెసిలీటరుకు 430. అంకెలు మాత్రమే చదివి ఫోన్‌లో చెప్పిన ఆ ల్యాబు ఉద్యోగిపై ఇప్పటికీ కాస్త కోపమే. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవారు పరీక్షకు రెండు రోజుల ముందు నుంచైనా వాటిని ఆపాలి, కొన్ని యంత్రాలలో అది అంకెను తప్పుగా ఎక్కువ చూపిస్తుంది.

నాకిప్పుడు 46 ఏళ్లు. ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పి.ఎస్.ఎ. రక్తపరీక్ష అంకె ఆరేళ్లలో 0.8 నుంచి 1.1కు మాత్రమే కదిలింది. పదో వారంలో ఇప్పటికీ కొంచెం నీరసం వస్తుంది, అది పూర్తిగా పోతుందని డాక్టరుగారు మాట ఇవ్వలేదు. చేతిపుస్తకంలో చివరి వరుసలో సూది తేదీ ఒక్కటే నిండి ఉంది. మిగిలిన మూడు గళ్లు వచ్చే నెల రెండో సోమవారం ఉదయం నిండాలి.