నాలుగు ర్యామ్ స్లాట్లలో రెండు పోయాక: 2013 నాటి డెస్క్‌టాప్ మీద నా సమీక్ష

అనంతపురంలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాం. 2013లో అసెంబుల్ చేయించిన సిస్టమ్ ఇప్పటికీ మా పని మోస్తోంది. ఇంటెల్ ఐ5-3470 ప్రాసెసర్, బీ75 చిప్‌సెట్ బోర్డు, ర్యామ్ పెట్టే నాలుగు డీడీఆర్3 స్లాట్లు. ఆ నాలుగింటిలో రెండు పోయాయి. మిగిలిన రెండింటితోనే చాలా కాలంగా నడుపుతున్నాను. ఇలాంటి బోర్డు ఇంకా వాడుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కార్డు చేయడానికి ర్యామ్ పెద్దగా అక్కర్లేదు. భారమంతా ఫ్లెక్సీలదే. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 100 పిక్సెళ్ల చొప్పున తెరిస్తే అది 12,000 × 9,600 పిక్సెళ్లు. అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఒక్క నిండు లేయరే దాదాపు 460 ఎంబీ. దాని మీద నాయకుడి ఫొటో, కింద వరుసగా అభిమానుల ఫొటోలు, పూలు, దేవుడు వచ్చి చేరుతుంటే 8 జీబీ ఏ మూలకూ రాదు. అందుకే నాలుగు స్లాట్లలో 4 జీబీ చొప్పున మొత్తం 16 జీబీ పెట్టించాను.

స్లాట్ పోతే డిస్‌ప్లే రాదు, బీప్ కొడుతుంది అనుకుంటాం. నా దగ్గర అలా మొదలవలేదు. రాత్రి బాగా సేవ్ అయిన ఫొటోషాప్ ఫైలు పొద్దున తెరుచుకోలేదు. జిప్ ఫైలు విప్పితే డేటా పాడైందని చెప్పే సీఆర్‌సీ ఎర్రర్. కొన్నాళ్లకు మెమరీ మేనేజ్‌మెంట్ అంటూ నీలి తెర. ఈ దశలో చాలామంది హార్డ్ డిస్క్‌ను అనుమానించి ఫార్మాట్ కొట్టిస్తారు. నిజానికి డిస్క్‌లోకి వెళ్లకముందే డేటా ర్యామ్‌లో పాడవుతుంటుంది. పాడైనదాన్నే డిస్క్ నమ్మకంగా దాచిపెడుతుంది.

షాపులో చూపిస్తే "బోర్డు పోయింది అన్నా, కొత్త సిస్టమ్ తీసుకో" అనే మాటే ముందు వస్తుంది. ఆ మాట వినేముందు ఒక పరీక్ష చేయాలి. బాగుందని తెలిసిన ఒక్క ర్యామ్‌ను ఒక్కో స్లాట్‌లో మార్చి మార్చి పెట్టి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ అనే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడపాలి. తర్వాత బాగున్న స్లాట్ ఒకటి పట్టుకొని అందులో ఒక్కో ర్యామ్‌ను పరీక్షించాలి. ర్యామ్ ఎక్కడికి మారితే ఎర్రర్ అక్కడికి వస్తుంటే తప్పు ర్యామ్‌ది. ఏ ర్యామ్ పెట్టినా ఒకే స్లాట్‌లో ఎర్రర్ వస్తుంటే తప్పు స్లాట్ వైపుది. 16 జీబీకి ఒక్క పాస్‌కే, అంటే ఒక పూర్తి చుట్టుకే గంట పైన పడుతుంది, కాబట్టి రాత్రి పెట్టి వదిలేయడం మేలు. విండోస్‌లో ఉండే మెమరీ పరీక్ష చాలని కొందరంటారు. అప్పుడప్పుడూ వచ్చిపోయే తప్పుల విషయంలో నాకు దాని మీద అంత నమ్మకం లేదు.

ఇంకో సంగతి మెకానిక్‌లు కూడా అరుదుగా చెబుతారు. ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటా నడిచే దారిని ఛానెల్ అంటారు; ఈ బోర్డులో అవి రెండు, ఒక్కోదానికి రెండు స్లాట్లు. ఒకే ఛానెల్‌కు చెందిన రెండు స్లాట్లూ ఒకేసారి పోతే స్లాట్లను కాదు, ప్రాసెసర్ సాకెట్‌ను చూడాలి. ఈ తరం ప్రాసెసర్లలో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. ఎల్‌జీఏ 1155 సాకెట్‌లో ఒక పిన్ను వంగినా, కూలర్‌ను ఒక పక్క ఎక్కువ బిగించినా ఒక ఛానెల్ మొత్తం మాయం కావచ్చు. నావి అలా కాదు, చెరో ఛానెల్‌లో ఒక్కో స్లాట్ పోయింది.

కూలర్ ఫ్యాన్ చిమ్మే దుమ్ము పక్కనే ఉన్న ర్యామ్ స్లాట్ల మీద పడుతుంది. మా ఊరి దుమ్ము గురించి చెప్పనక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే ఆషాఢం గాలే మా షాపులోకీ వస్తుంది. రోడ్డు పక్క షట్టరు, రోజంతా తెరిచే ఉంటుంది.

శుభ్రం చేశాను. పవర్ వైరు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి, క్యాబినెట్ ఇనుమును తాకి, ఆ తర్వాతే ర్యామ్ తీయాలి. ర్యామ్ బంగారు పట్టీలను మెత్తటి రబ్బరుతో తేలిగ్గా తుడవచ్చు, కానీ ఆ పూత చాలా పలుచన, గట్టిగా రుద్దకూడదు. స్లాట్‌కు బ్లోయర్, మెత్తటి బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. సూది, పిన్నీసు లోపలికి పెట్టొద్దు.

శుభ్రం చేశాక రెండు స్లాట్లూ మళ్లీ పనిచేశాయి. కొన్ని వారాలకు మళ్లీ ఎర్రర్లు. నా తీర్పు ఇక్కడే ఉంది: పూర్తిగా చచ్చిన స్లాట్ కంటే సగం పనిచేసే స్లాట్ ప్రమాదం. మనిషి పేరు, పెళ్లి ముహూర్తం అచ్చువేసే పనిలో ఒక్క ఫైలు పాడైనా మాట పోతుంది. అందుకే వాటి మీద కాగితపు టేపు అంటించి "ఇందులో వేయకూడదు" అని రాసి మూసేశాను. మిగిలిన రెండు స్లాట్లలో 8 జీబీ ర్యామ్‌లు రెండు వేశాను. మళ్లీ అదే 16 జీబీ. చెరో ఛానెల్‌లో ఉన్నాయి కాబట్టి డ్యూయల్ ఛానెల్ వేగం కూడా నిలిచింది. రెండూ ఒకే ఛానెల్‌లో మిగిలి ఉంటే డీడీఆర్3-1600 వేగం సెకనుకు 25.6 జీబీ నుంచి 12.8 జీబీకి పడిపోయేది. అప్పటి నుంచి రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టినా ఒక్క ఎర్రర్ రాలేదు.

ర్యామ్ కొనేటప్పుడు జాగ్రత్త. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికే 8 జీబీ డీడీఆర్3లలో కొన్ని ఏఎండీ బోర్డులకే పనిచేస్తాయి, ఇంటెల్‌లో లేవవు. సర్వర్ల నుంచి పీకిన రిజిస్టర్డ్ ర్యామ్ కూడా ఇందులో పనిచేయదు. స్లాటే మార్పిద్దామంటే 240 కాళ్లు ఊడదీసి టంకం వేయాలి, ఆ కూలికి పాత బోర్డే వస్తుంది. పాతవాటిలో హెచ్61 చిప్‌సెట్ బోర్డు తీసుకుంటే రెండే స్లాట్లు, 16 జీబీకి మించి పట్టదు.

ఈ సిస్టమ్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకని నెట్ తీసేసి డిజైన్ పనికే ఉంచాను. నెట్ పనులకు వేరే ల్యాప్‌టాప్ ఉంది. మిగిలిన రెండింటిలో ఇంకొకటి పోతే మాత్రం ఈ బోర్డు మీద ఇక రూపాయి కూడా పెట్టను.