లాటిన్‌కి 'ఫమిలియ రోమాన': అక్షరాల నెత్తినున్న ఆ చిన్న గీత గురించి

లాటిన్ సొంతంగా నేర్చుకోవాలంటే ఏ పుస్తకం అని ఎవరినడిగినా ముందు చెప్పే పేరు, డెన్మార్క్‌కు చెందిన హాన్స్ ఓర్‌బెర్గ్ రాసిన 'ఫమిలియ రోమాన'. లాటిన్‌ని లాటిన్‌లోనే చెప్పే పద్ధతి, మార్జిన్‌లో బొమ్మలు, యూలియుస్ కుటుంబం కథ, 35 పాఠాలు... ఇవన్నీ అందరూ రాసేసినవే, వదిలేస్తున్నాను. ఇంతకాలం వాడాక ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తేలింది వేరే ఉంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ప్రతి దీర్ఘాచ్చు నెత్తినా ఒక చిన్న అడ్డగీత ఉంటుంది. ఇంగ్లిష్ సమీక్షల్లో దీనికి ఒక వాక్యం దక్కితే గొప్ప. తెలుగు చదవడం వచ్చినవాళ్లకి మాత్రం సగం లాటిన్ ఆ గీతలోనే ఉంది.

పుస్తకం మొదటి రెండు వాక్యాలు మన లిపిలో ఇలా ఉంటాయి: 'రోమ ఇన్ ఇతలియా ఎస్త్. ఇతలియ ఇన్ ఎఉరోపా ఎస్త్.' రోమ్ ఇటలీలో ఉంది, ఇటలీ యూరప్‌లో ఉంది. ఇక్కడ 'ఇతలియ' అంటే కర్త, 'ఇతలియా' అంటే 'ఇన్' తర్వాత రావలసిన రూపం. రెంటికీ తేడా చివరి అచ్చు నిడివి ఒక్కటే. గీత లేకుండా అచ్చు వేస్తే రెండూ ఒకే మాటలా కనిపిస్తాయి. పక్కన 'ఇన్' ఉంది కాబట్టి ఇక్కడ సరే, అర్థం తెలిసిపోతుంది. 'పుఎల్ల రొసా దేలెక్తాతుర్' లాంటి వాక్యంలో ఏ ఊతమూ ఉండదు. అమ్మాయి గులాబీతో మురిసిపోతోంది అని అర్థం. ఆ 'తో' అన్న విభక్తి మొత్తం 'రొసా'లోని దీర్ఘంలోనే ఉంది. దాన్ని 'రొస' అని చదివితే ఒకే వాక్యంలో ఇద్దరు కర్తలు పోగై, అర్థం చెడుతుంది.

ఈ నిడివి తేడా ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్లకి కంటితో గుర్తుపెట్టుకోవలసిన భారం. మనకి చెవిలో ఉన్నదే. పైగా హ్రస్వ దీర్ఘాల ఎ-ఏ, ఒ-ఓ జంటలు మన లిపిలో విడివిడిగా ఉన్నాయి, లాటిన్‌కి కావలసింది సరిగ్గా అదే. 'వెనిత్' అంటే వస్తున్నాడు, 'వేనిత్' అంటే వచ్చాడు. 'లెగిత్' చదువుతున్నాడు, 'లేగిత్' చదివాడు. 'పొపులుస్' ప్రజ, 'పోపులుస్' ఒక జాతి చెట్టు. ద్విత్వాలు మనకి కొత్త కాదు. త, ద కూడా పళ్లకి నాలుక ఆనించి పలికేవే. ఇంగ్లిష్ మీడియం అలవాటుతో 'ఇటాలియా' అని ట పెట్టి చదవకుండా ఉంటే చాలు. క ఎప్పుడూ కనే, గ ఎప్పుడూ గనే. ఐ, ఔ మన ఐ, ఔలే.

అందుకే ఈ పుస్తకంతో అన్నిటికన్నా ఫలితమిచ్చే సాధన: ఒక పేరా చూసి తెలుగు లిపిలో రాసుకోవడం, మర్నాడు పుస్తకం మూసేసి ఆ తెలుగు నుంచి మళ్లీ రోమన్ లిపిలోకి గీతలతో సహా మార్చడం, ఆ తర్వాత పుస్తకంతో పోల్చుకోవడం. పావుగంట పని. తప్పులు ఎక్కడబడితే అక్కడ రావు, మూడు నాలుగు చోట్లే పోగవుతాయి. ఆడపేర్ల చివరి అ-ఆ ఒకటి. ఇస్-ఈస్ ఇంకొకటి: 'సెర్వీస్'లో దీర్ఘం, 'రేగిస్'లో హ్రస్వం. 12వ పాఠంలో 'మనుస్', 'మనూస్' లాంటి మాటలు వచ్చాక ఉస్-ఊస్ చేరుతుంది. 21వ పాఠంలో భూతకాలం రాగానే పైన చెప్పిన వెనిత్-వేనిత్ జంటలు వరస కడతాయి. తప్పు ఎక్కడ వస్తోందో తెలిస్తే ఏ పాఠం మళ్లీ తిప్పాలో తెలిసినట్టే.

ఇంత అనుకూలత ఉన్నా తెలుగువాళ్లు తప్పకుండా పడే గొయ్యి ఒకటుంది. దాన్ని ఏ పుస్తకమూ చెప్పదు, ఎందుకంటే అది మన అలవాటు. పరాయి పేర్ల చివర అకారాన్ని మనం దీర్ఘం చేస్తాం. అమెరికా, రష్యా, ఆస్ట్రేలియా, జూలియా. పేపర్లోనూ అంతే, మాటలోనూ అంతే. దాంతో పుస్తకంలో గీత లేని 'యూలియ' కనిపించినా నోరు 'యూలియా' అంటుంది. అంటే ప్రథమా విభక్తిలో అకారంతో ముగిసే ప్రతి ఆడపేరూ, ప్రతి ఊరి పేరూ వేరే విభక్తిలోకి జారిపోతుంది. మొదటి అయిదు పాఠాల్లో దీనివల్ల నష్టం ఏమీ కనిపించదు, బొమ్మలూ సందర్భమూ అర్థం చెప్పేస్తాయి. ఆరో పాఠంలో కర్మణి ప్రయోగం వస్తుంది: 'యూలియ అబ్ ఐమిలియా వొకాతుర్', యూలియని ఐమిలియ పిలుస్తోంది అన్నమాట. అక్కడ రెండు పేర్లూ ఒకేలా పలుకుతుంటే చెవికి 'అబ్' ఒక్కటే ఊతం. అప్పటికి అలవాటు గట్టిపడిపోయి ఉంటుంది. దీనికి విరుగుడు మొదటి పాఠంలోనే మొదలెట్టాలి. రోమ, ఇతలియ, యూలియ, ఐమిలియ, ఈన్సుల అని చివర కత్తిరించినట్టు హ్రస్వంగా పైకి చదవాలి. మొదట వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. పుస్తకం పేరు కూడా ఫమిలియ రోమానే, 'ఫమిలియా రోమానా' కాదు.

రెండో అలవాటు, హల్లుతో ఆగిన మాటకి ఉకారం తగిలించడం. 'ఎస్తు', 'మార్కుసు' అనేస్తాం. మామూలు చదువులో ఇది యాస కింద పోతుంది గానీ, పద్యం దగ్గరికి వచ్చేసరికి లెక్కలో ఒక అక్షరం ఎక్కువై గణాలు కూలిపోతాయి.

ఇక నెట్‌లో దొరికేవాటి సంగతి. అసలు కోపం ఇక్కడే. ఉచితంగా దొరికే లాటిన్ పాఠాల్లో అత్యధిక భాగం గీతలు లేకుండానే ఉంటాయి. ఇతరులు చేసి పంచిన ఫ్లాష్‌కార్డుల్లోనూ చాలావాటిలో ఉండవు. ఉన్నా కొన్ని కార్డుల్లో ఉండి కొన్నిట్లో ఉండవు, అది ఇంకా ప్రమాదం. గీత లేదంటే హ్రస్వం అనుకోవాలా, వేసినవాళ్లు వదిలేశారనుకోవాలా తెలియదు. యూట్యూబ్ ఆడియోల్లో చాలావాటిలో చర్చి ఉచ్చారణ. అది తప్పేమీ కాదు, ప్రార్థనలకీ గానానికీ అదే వాడుక. కానీ అందులో నిడివి తేడాలు నిలవవు, కొన్ని క-కారాలు చ అవుతాయి. ఈ పుస్తకం పక్కన పెట్టుకుని అది వింటే పుస్తకం ఇచ్చింది చెవి పోగొడుతుంది. ఓర్‌బెర్గ్ స్వయంగా చదివిన రికార్డింగులు ఉన్నాయి, నిడివి కోసం వినాల్సింది అలాంటివి.

అందుకని కార్డులు సొంతంగా చేసుకోవడమే మేలు. విండోస్‌లో న్యూజిలాండ్ మావొరీ కీబోర్డు ఎక్కించుకుంటే, ఒకటి అంకెకి ఎడమ పక్కనున్న మీట నొక్కి అచ్చు నొక్కగానే గీత పడుతుంది. ఫోన్ కీబోర్డుల్లో చాలావాటిలో అచ్చుని నొక్కి పట్టుకుంటే వచ్చే వరసలో ఉంటుంది. ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో జవాబు టైపు చేసే రకం కార్డు పెట్టుకోండి, గీత మరిచిపోతే తప్పు చూపిస్తుంది. మాట నిడివి తేల్చుకోవడానికి నెట్‌లోని విక్షనరీ నిఘంటువు చాలు. పేజీ పేరులో గీతలుండవు, లోపల మాట పక్కన ఉంటాయి. 'మలుమ్' అని వెతికితే చెడు అనే 'మలుమ్', ఆపిల్ అనే 'మాలుమ్' రెండూ ఒకే పేజీలో వస్తాయి, కాబట్టి కిందిదాకా చూడాలి. గీతలు వాటంతట అవే పెట్టే ఉచిత సాధనాలూ ఉన్నాయి గానీ, సరిగ్గా అ-ఆ దగ్గరే అవి ఊహించాల్సి వస్తుంది. చూసుకోకుండా నమ్మకూడదు.

ఇంతదాకా ఓపిక పట్టినవాళ్లకి 34వ పాఠంలో దొరికే ఆనందం మాటల్లో చెప్పలేను. అది ఛందస్సు పాఠం. ఇంగ్లిష్‌లో వివరించేవాళ్లు పేజీలు పేజీలు రాసే విషయం మనకి పది నిమిషాల్లో అర్థమైపోతుంది, ఎందుకంటే అది గురులఘువులే. దీర్ఘం గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు, హల్లుతో మూసుకున్నది గురువు. హెక్సామీటర్ అనే లాటిన్ పద్యరీతిలో పాదానికి ఆరు గణాలు, ప్రతిదీ భగణమో గగమో. కందంలో మనం వాడే నాలుగు మాత్రల గణాలు అయిదింటిలోంచి రెండు తీసుకున్నట్టు. అయిదోది దాదాపు ఎప్పుడూ భగణమే, ఆరోది రెండక్షరాలు, చివరి అక్షరానికి పట్టింపు లేదు.

రోమన్ కవి వర్జిల్ రాసిన 'ఈనియడ్' కావ్యం మొదటి పాదం చూడండి. 'అర్మ విరుమ్‌క్వె కనో, త్రోయై క్వీ ప్రీముస్ అబ్ ఓరీస్.' విడగొడితే: అర్మవి, రుమ్‌క్వెక, నోత్రో, యైక్వీ, ప్రీముస, బోరీస్. భ, భ, గగ, గగ, భ, గగ. 'ప్రీముస్ అబ్ ఓరీస్' అని మూడు మాటలుగా ఉన్నది నోట్లో 'ప్రీముసబోరీస్' అయిపోవడం పద్యాలు చదివినవాళ్లకి వింతేమీ కాదు. మూడో పాదంలో 'ముల్తుమ్ ఇల్లె ఎత్' అన్నది 'ముల్తిల్లెత్' అవుతుంది. అచ్చుతోనో మకారంతోనో ముగిసిన మాట, అచ్చుతో మొదలయ్యే మాట ముందు తన చివరి అచ్చుని వదులుకుంటుంది. మన సంధిలో లోపం లాంటిదే. రేఫం వచ్చే కొన్ని జంటల ముందు అక్షరం లఘువుగా ఉండగలగడం కూడా, ర వత్తుని తేల్చి పలికే మన వాడుక తెలిసినవాళ్లని ఆపదు. మాట మీద ఊనిక కూడా గురులఘువుల నుంచే వస్తుంది: చివరి నుంచి రెండో అక్షరం గురువైతే దాని మీద, లఘువైతే దాని ముందుదాని మీద. 'విదేరె'లో దే మీద, 'పోనెరె'లో పో మీద.

అయితే ఈ గీత గురించి పైన చెప్పిన మెప్పుకి కొన్ని సవరణలు తప్పవు. గీత దీర్ఘానికి గుర్తు, గురువుకి కాదు. 'పుఎల్ల'లో ఎ మీద గీత ఉండదు, అయినా ల్ల ముందుంది కాబట్టి గురువే. గీత లేదని లఘువు అనుకున్నవాళ్లు 34వ పాఠంలో మొదటికి రావలసి వస్తుంది. రెండోది, మన లిపి కూడా ఒకచోట మోసం చేస్తుంది. 'అక్వ' అంటే నీళ్లు. మన లెక్కలో క్వ సంయుక్తం కాబట్టి అ గురువు కావాలి. లాటిన్‌లో క్వ ఒకే హల్లు కింద లెక్క, అ లఘువే. హకారం అసలు లెక్కలోకే రాదు.

వ్యాకరణం చెప్పనక్కర్లేదు, చదువుతుంటే అదే వస్తుంది అన్న పేరు ఈ పుస్తకానికి ఉంది. పదో పాఠం దాకా అది నిజమే. 11లో పరోక్ష కథనం, 16లో సతి సప్తమి లాంటి ప్రయోగం, 27, 28లో సంభావనార్థక క్రియలు వచ్చినప్పుడు పక్కన వ్యాకరణం లేకపోతే ఊహ మీద నడవడమే అవుతుంది. 1903 నాటి ఆలెన్, గ్రీనో వ్యాకరణం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అది తెరిచి పెట్టుకోండి. 16వ పాఠం దగ్గర మాత్రం తెలుగులో ఆలోచించినవాళ్లకి పని తేలిక: 'సోలె ఒరియెన్తె' అంటే 'సూర్యుడు ఉదయిస్తుండగా', అంతే. అభ్యాసాలకి జవాబులు పుస్తకంలో లేవు. ఖాళీలో విభక్తి ప్రత్యయం నింపే మొదటి అభ్యాసంలో గీత పెట్టకుండా నింపితే ఆ అభ్యాసం చేయనట్టే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ పుస్తకంలో గీతలకి ఎంత అలవాటు పడితే, బయట పండితులు వాడే ప్రామాణిక ప్రతులు అంత కష్టంగా అనిపిస్తాయి. వాటిలో గీతలుండవు. 25వ పాఠం దాటాక వారానికి ఒక పేరా గీతలు తీసేసి టైపు చేసుకుని చదవడం, అనుమానం ఉన్నచోట మాత్రమే పుస్తకం చూడడం మొదలెడితే ఆ దెబ్బ తగ్గుతుంది. రెండో భాగం 'రోమ ఐతెర్న'లోనూ, ఇదే వరసలో వచ్చిన సీజర్ పుస్తకంలోనూ గీతలున్నాయి కాబట్టి తొందరేమీ లేదు.

కొనాలా అంటే, అది చదివేవాళ్ల అవసరాన్ని బట్టి ఉంటుంది. గురువు దగ్గర కాకుండా రాత్రిపూట అరగంట కూర్చుని, ఎప్పటికైనా వర్జిల్‌నో ఓవిడ్‌నో పైకి చదవాలనుకునే నాలాంటివాళ్లకి ఇంతకన్నా మంచిది దొరకలేదు. పద్యం నోటికి వచ్చిన తెలుగువాళ్లకైతే ఇంకా గట్టిగా చెబుతాను. న్యాయశాస్త్రం మాటలకో, మొక్కల పేర్లకో, చర్చిలో పాడడానికో లాటిన్ కావలసినవాళ్లకి ఈ నిడివి గొడవంతా అనవసరపు శ్రమ కావచ్చు. పట్టికలు ముందు చూస్తేనే బుర్రకెక్కేవాళ్లకి వీలాక్ రాసిన 40 పాఠాల లాటిన్ పుస్తకం నయం. అందులోనూ గీతలున్నాయి, కాకపోతే ఇంగ్లిష్ తర్జుమా మీద నడిచే పుస్తకంలో వాటిని పట్టించుకోకుండా దాటిపోవడం చాలా తేలిక. 'ఫమిలియ రోమాన' పాత ప్రతి కొంటే ముందు రెండు పేజీలు ఫోటో తెప్పించుకుని, గీతలు చెక్కుచెదరకుండా అచ్చయ్యాయో లేదో చూసుకోండి. జిరాక్స్ తీసి కుట్టిన ప్రతుల్లో మొదట మాయమయ్యేవి అవే.