హార్లెమ్, ఉట్రెక్ట్, డెన్ బాస్: ఒక్క పాత చర్చే చూసే టైముంటే ఏది మేలు?

నెదర్లాండ్స్‌కి వచ్చే చుట్టాలకు మేం చూపించే లిస్టు అందరికీ తెలిసిందే. తులిప్ తోట, గాలిమరలు, ఆమ్‌స్టర్‌డామ్ కాలువలో పడవ. హన్మకొండ నుంచి అమ్మా బాపూ వచ్చినప్పుడు ఆ మూడూ మొదటి రెండు వారాల్లోనే అయిపోయాయి. "ఇవన్నీ సరే గానీ, పాత గుడి లాంటిది ఏమన్న ఉంటే చూపియ్యిరా" అన్నాడు బాపు. ఇక్కడ పాత గుడి అంటే గోతిక్ చర్చే. మెదక్ చర్చి చూసినవాళ్లకి ఆ మొనదేలిన కమానులు, రంగు అద్దాలు కొత్తేం కాదు. కాకపోతే మెదక్‌ది 1924లో పూర్తయిన కట్టడం. ఇక్కడివి దానికంటే నాలుగైదు వందల ఏళ్లు పెద్దవి.

వాళ్లున్న మూడు నెలల్లో మూడు చర్చిలు తిప్పాను. ఈమధ్య తమ్ముడి దోస్తు ఒకడు, "అన్నా, ఒక్క రోజే ఉంది, ఏది చూడాలె?" అని మెసేజ్ పెట్టాడు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే ముచ్చట కాదు కాబట్టి వివరంగా రాస్తున్నా.

రైలు సంగతి ముందే చెప్పేస్తా. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ నుంచి హార్లెమ్‌కి ఇరవై నిమిషాలలోపు, ఉట్రెక్ట్‌కి అరగంట, డెన్ బాస్‌కి గంట. మూడింటికీ నేరుగా రైళ్లున్నాయి, మూడు ఊళ్లలోనూ స్టేషన్ నుంచి చర్చి దాకా నడిచే పోవచ్చు. కాబట్టి దూరం చూసి తేల్చుకోవాల్సిన పని లేదు.

హార్లెమ్‌లో మొదటి చిక్కు పేరుతోనే. ఊళ్లో సెయింట్ బావో పేరు మీద రెండు చర్చిలున్నాయి. పాతది ఊరి నడిబొడ్డున, గ్రోటె మార్క్ట్ అనే చౌరస్తాలో ఉంది. ఇంకోటి 1895లో కట్టడం మొదలైన కాథలిక్ చర్చి, కొంచెం అవతల కాలువ ఒడ్డున ఉంటుంది. నేను ఫోన్‌లో పేరు కొట్టి, మ్యాపులో ముందు కనపడినదాన్ని నొక్కి, వీళ్లను కొత్తదానికి తీసుకుపోయాను. వానలో వెనక్కి నడిచాం. అమ్మ ఏమీ అనలేదు. మా ఇంట్లో అదే పెద్ద తిట్టు.

లోపల అడుగు పెట్టగానే అమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. నేలంతా సమాధి రాళ్లే, దాదాపు 1500. రాతి మీద చెక్కిన పేర్లు నాలుగు వందల ఏళ్లుగా చెప్పులు రాసుకుని సగం అరిగిపోయాయి. "వాళ్ల మీద కాళ్లు పెట్టి ఎట్ల నడుస్తర్రా?" అంది. గోడ వారగా ఉన్న కుర్చీలో కూర్చుంది, చివరిదాకా లేవలేదు. చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్‌ని పూడ్చింది కూడా ఈ నేల కిందే అని చెప్పినా ఆమెకేం ఊరట కలగలేదు.

బాపు మాత్రం తల పైకెత్తి చూస్తున్నాడు. పైకప్పు రాయి కాదు, చెక్క. ఈ దేశంలో కట్టడానికి పనికొచ్చే రాయి దాదాపు దొరకదు, బెల్జియం నుంచో జర్మనీ నుంచో పడవల్లో తెచ్చుకోవాలి. దానికితోడు నేల మెత్తన. ఇక్కడ చర్చి నడిమి గోపురాన్ని ముందు రాతితోనే కట్టారు. కింది స్తంభాలు ఆ బరువు మోయలేక కుంగడం మొదలెడితే, దింపేసి చెక్కతో మళ్లీ కట్టి పైన సీసం రేకులు తొడిగారు. కింద నుంచి చూస్తే రాయే అనుకుంటాం. "మన రామప్పల నీళ్ల మీద తేలే ఇటుకలు పెట్టింది ఇందుకే గద" అన్నాడు బాపు. నిజమే, పైన బరువు తగ్గించుకోవాలన్న తిప్పలు రామప్పలో శిల్పికీ హార్లెమ్‌లో మేస్త్రీకీ ఒకటే.

కానీ హార్లెమ్‌కి అందరూ వెళ్లేది కప్పు చూడ్డానికి కాదు, ఆర్గన్ కోసం. క్రిస్టియన్ ముల్లర్ 1738లో పూర్తిచేసిన వాయిద్యం, ఐదు వేలకు పైగా గొట్టాలు. ఒక గోడ మొత్తం అదే. పదేళ్ల మొజార్ట్ 1766లో దీన్ని వాయించాడు. మేం వెళ్లినప్పుడు ఎవరో సాధన చేస్తున్నారు, ఒకే ముక్క మళ్లీ మళ్లీ. అన్నిటికంటే లావు గొట్టం మోగినప్పుడు శబ్దం ముందు చెవికి తెలియలేదు. నేను చెయ్యి ఆనించిన చెక్క బల్ల వణికింది, ఆ తర్వాత వినపడింది. ఇది అదృష్టం మీద ఆధారపడ్డ సంగతి. వేసవిలో కచేరీలు పెడతారు, ఆ తేదీ చూసుకుని వెళ్తే హార్లెమ్‌కి సాటి లేదు. ఆర్గన్ మోగని రోజు వెళ్తే మాత్రం సగం చర్చి చూసి వచ్చినట్టే. టికెట్ ఉంటుంది. ఆదివారం ప్రార్థనలే, చూసేవాళ్లకి తలుపు తెరవరు.

ఉట్రెక్ట్ సంగతి వేరు. అక్కడ చూడాల్సింది ఉన్నదానికంటే లేనిది.

స్టేషన్ నుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే 112 మీటర్ల డోమ్ టవర్ వస్తుంది, దేశంలో ఇంతకంటే ఎత్తైన చర్చి గోపురం లేదు. దాని కింద నుంచి దాటితే ఖాళీ జాగా, సైకిళ్లు, చెట్లు. ఆ జాగాకి అవతల చర్చి. గోపురం ఇటు, చర్చి అటు, మధ్యలో ఏమీ లేదు. ఆ మధ్యలో ఉండాల్సిన పొడవాటి మంటపం 1674 ఆగస్టు 1న వచ్చిన తుఫానుకి కూలిపోయింది. డబ్బు చాలక దాన్ని అరకొరగా కట్టారు, గోడలకి బయటి నుంచి దన్నుగా ఉండాల్సిన రాతి కమానులు పెట్టనేలేదు. కూలిన రాళ్లు 1826 దాకా అక్కడే గుట్టలుగా పడున్నాయి. ఇప్పుడు స్తంభాలు ఉండిన చోట్లు నేల మీద రాళ్ల రంగు మార్చి చూపించారు.

బాపు ఆ గుర్తుల మీదుగా ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచాడు. ఖిలా వరంగల్‌లో పెరిగిన మనిషికి వివరించే అవసరం లేదు. నాలుగు తోరణాలు నిలబడి, వాటి నడుమ గుడి లేకుండా పోయిన చోటు అది. "అక్కడ మనుషులు కూలగొట్టిన్రు, ఇక్కడ గాలి" అన్నాడు.

ఇక్కడా మనుషుల చెయ్యి లేకపోలేదు. మిగిలిన చర్చిలో ఒక పక్క గదిలో రాతి శిల్పం ఉంది, మేరీ తల్లి సెయింట్ ఆన్, మేరీ, పసిబిడ్డ. 1580లో విగ్రహపూజ ఒప్పుకోని ప్రొటెస్టెంట్లు చర్చిల్లోని విగ్రహాల మీద పడ్డప్పుడు దీని ముఖాలన్నీ చెక్కేశారు. ఉలి దెబ్బ ఎంత శుభ్రంగా ఉందంటే, కోపంలో కొట్టినట్టు లేదు, పనిగా చేసినట్టుంది. బట్టల మడతల్లో పాత రంగు ఇంకా అంటుకునే ఉంది, ముఖాల చోట మాత్రం చదును. తర్వాత ఎప్పుడో గోడ కట్టి మూసేస్తే 20వ శతాబ్దంలో మరమ్మతుల్లో బయటపడింది. ఈ ఒక్కదాని కోసమైనా ఉట్రెక్ట్ వెళ్లమంటాను.

చర్చిలోకి టికెట్ లేదు, టవర్ ఎక్కడానికి ఉంది. 465 మెట్లు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని కింద కాఫీ దగ్గర కూర్చోబెట్టి మీరొక్కరే ఎక్కి రండి. లేదా వాళ్లని చర్చి పక్కనున్న నడవ తోటలో వదిలేయండి. రాతి నడవాల నడుమ మందు మొక్కల మళ్లున్నాయి. అమ్మ అక్కడ అరగంట ఉంది, పుదీనా కనిపెట్టి సంబరపడింది.

ఇక డెన్ బాస్. అసలు పేరు సెర్టోగన్‌బాస్, అది పలకలేక ఇక్కడివాళ్లే కుదించుకున్నారు. సెయింట్ జాన్ కెథెడ్రల్ మిగతా రెండిటిలా రాజీ పడలేదు. సుమారు 1380 నుంచి 1530 దాకా నూటయాభై ఏళ్లు పట్టినా కప్పు దాకా రాయే వేసి, ఉట్రెక్ట్ మంటపానికి లేని ఆ బయటి కమానులన్నీ కట్టి పూర్తిచేశారు. ఆ కమానుల వీపుల మీద 96 బొమ్మలున్నాయి. మనుషులు, రాక్షసులు, వింత జంతువులు, అందరూ గుర్రమెక్కినట్టు కాళ్లు చెరోవైపు వేసి వరసగా పైకి పాకుతుంటారు. మామూలు కళ్లకి ఆనవు, బైనాక్యులర్ తీసుకెళ్లండి. బైనాక్యులర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి జీన్స్ వేసుకుని, చేతిలో సెల్‌ఫోన్ పట్టుకున్న దేవదూతని కూడా వెతకండి. 2011లో మరమ్మతుల తర్వాత టోన్ మోయ్ అనే శిల్పి చెక్కిన బొమ్మ అది. ఆ ఫోన్‌కి ఒకటే బటన్, నేరుగా దేవుడికే లైన్ అన్నాడట.

ఈ ఊరి వాడే చిత్రకారుడు హైరోనిమస్ బాష్. ఈ చర్చిలోని మేరీమాత భక్త సంఘంలో సభ్యుడు. ఆయన నరకం బొమ్మలు చూసినవాళ్లకి ఆ కమానుల మీది వింత ఆకారాలు తెలిసిన ముఖాల్లాగే కనపడతాయి. కానీ ఆయన అసలు పటాలు ఈ ఊళ్లో ఒక్కటీ లేవు, నకళ్లే. చర్చిలో ఉండిన అందమైన పాలరాతి అడ్డుతెర కూడా ఇప్పుడు లండన్‌లో ఒక మ్యూజియంలో ఉంది. మన కోహినూర్‌లా గుంజుకుపోయింది కాదు లెండి, 19వ శతాబ్దంలో వీళ్లే అమ్ముకున్నారు.

హార్లెమ్‌లో కుర్చీ దిగని అమ్మ ఇక్కడ మమ్మల్ని వదిలేసి ముందుకు పోయింది. ఎడమ పక్క చిన్న గదిలో వందల కొవ్వొత్తులు, వాటి వెనక మేరీమాత చెక్క విగ్రహం, పైన జరీ వస్త్రం. తీపి తల్లి అని పిలుస్తారు. 1629లో ఊరు ప్రొటెస్టెంట్ల చేతికి పోయినప్పుడు విగ్రహాన్ని బ్రస్సెల్స్‌కి తరలించారు. 1810లో నెపోలియన్ చర్చిని కాథలిక్‌లకి తిరిగి ఇప్పించినా, తల్లి తిరిగొచ్చింది మాత్రం 1853లోనే. ఆమెకి వస్త్రాలు మారుస్తుంటారని చెప్తే, "మరి అమ్మవారన్నంక చీరలు మార్వరా" అంది అమ్మ, అదేదో తెలియని సంగతన్నట్టు. పక్కన ఒక ముసలావిడ కొవ్వొత్తి వెలిగించలేక చేతులు వణుకుతుంటే అమ్మ పట్టుకుంది. ఇద్దరికీ భాష రాదు.

కాబట్టి నా లెక్క ఇది. పెద్దవాళ్లతో వస్తే డెన్ బాస్, రెండో ఆలోచన వద్దు. ప్రవేశం ఉచితం, గుడికి వచ్చినట్టుంటుంది, బయటికొచ్చాక చాక్లెట్ పూసిన క్రీము ఉండ బాషె బోల్ తినొచ్చు, ఒకటి ఇద్దరికి సరిపోతుంది. పూజ జరిగేటప్పుడు మాత్రం తిరగనివ్వరు. మీరొక్కరే ఉంటే, చరిత్ర పిచ్చి కాస్త ఉంటే, ఉట్రెక్ట్. నన్నడిగితే మళ్లీ మళ్లీ వెళ్లేది అక్కడికే. హార్లెమ్ ఆర్గన్ కచేరీ ఉన్న రోజుకే.

ఇది రాస్తుండగానే తమ్ముడి దోస్తు మళ్లీ మెసేజ్ పెట్టాడు. దిగేది శనివారం రాత్రి, తిరుగు ప్రయాణం సోమవారం పొద్దున. ఉన్నది ఆదివారమే కనక హార్లెమ్ దానంతటదే పోయింది. వాళ్ల అత్తమ్మ కూడా వెంట వస్తోందట. పొద్దున పూజ అయ్యాక చేరేలా డెన్ బాస్ రైలెక్కమన్నాను. బైనాక్యులర్ మా ఇంట్లో ఉంది, శనివారం రాత్రి వచ్చి తీసుకెళ్తానన్నాడు.