ఈబర్డ్ డేటా ఫైలు: ఏళ్ల తరబడి వాడాక తేలిన మంచీ చెడూ

పక్షుల్ని చూసినవాళ్లు ఆ వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్. దాన్నుంచి వచ్చే ప్రధాన ఫైల్లో పక్షి కనబడిన సందర్భాలే ఉంటాయి. కొల్లేరులో గూడబాతును ఎన్నిసార్లు చూశారో అందులో దొరుకుతుంది. మొత్తం ఎన్నిసార్లు వెళితే అన్నిసార్లు కనబడిందో మాత్రం దొరకదు. ఆ లెక్క శాంప్లింగ్ ఈవెంట్ డేటా అనే వేరే ఫైల్లో ఉంటుంది. డౌన్‌లోడ్ కోరేటప్పుడు దాని గడిలో టిక్కు పెట్టాలి. పెట్టకుండా ప్రధాన ఫైలు ఒక్కటే తీసుకుని "పక్షులు పెరిగాయి" అని తేల్చేస్తే, పెరిగింది పక్షులో, చూసేవాళ్లో చెప్పలేం. ఈ డేటాతో జరిగే తప్పుల్లో ఇదే పెద్దది.

ఫైలు ఉచితమే. ఎందుకు కావాలో ఫారంలో రాసి, అనుమతి వచ్చేదాకా ఆగాలి. జిప్‌తో పాటు వచ్చే మెటాడేటా పీడీఎఫ్‌లో ప్రతి కాలమ్ అర్థమూ ఉంటుంది. ముందు అది చదవండి.

తెరవడంలోనే సగం తంటా. ఇది కామాల ఫైలు కాదు, ట్యాబ్‌లతో విడదీసిన టెక్స్ట్. రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరవకండి. 10,48,576 వరుసలు దాటినవి ఎక్సెల్ షీట్‌లో పట్టవు. డేటా దిగుమతిలో డిలిమిటర్ ట్యాబ్, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, టెక్స్ట్ క్వాలిఫయర్ 'ఏదీ లేదు' అని పెట్టాలి. ఈ చివరిది మరిచిపోతే, ఎవరో వ్యాఖ్యలో తెరిచి మూయని కొటేషన్ గుర్తు దగ్గర మొదలై తర్వాతి వరుసలన్నీ ఒకే గడిలో కలిసిపోతాయి. ఎర్రర్ కూడా రాదు, వరుసల సంఖ్య తగ్గుతుందంతే. అందుకే తెరవగానే వరుసలు లెక్కపెట్టి, మూల ఫైలుతో సరిచూసుకోవాలి.

ఇక అబ్జర్వేషన్ కౌంట్ కాలమ్. అంకెల మధ్య 'ఎక్స్' అనే అక్షరం వస్తుంది. పక్షి ఉంది, లెక్కపెట్టలేదు అని దానర్థం. దాన్ని 1గా మార్చినా 0గా మార్చినా తప్పే. సంఖ్య కావలసిన చోట ఖాళీగా వదిలేయాలి. ఉందా లేదా అన్నదే ప్రశ్నయితే 'ఉంది' కింద వేయాలి.

గ్రూప్ ఐడెంటిఫయర్‌ను చాలామంది పట్టించుకోరు. కలిసి వెళ్లినవాళ్ల నమోదులకు ఉండే ఉమ్మడి గుర్తు అది. నలుగురు కలిసి వెళ్లి ఒకే చెక్‌లిస్ట్ (ఒక విడతలో చూసిన పక్షుల జాబితా) పంచుకుంటే ఫైల్లో అది నాలుగుసార్లు వస్తుంది. 120 గూడబాతులు కూడికలో 480 అవుతాయి. ఒక్కో గ్రూపుకు ఒక్క చెక్‌లిస్టే ఉంచాలి.

పక్షి కనబడని సందర్భాలకు సున్నాలు నింపే పద్ధతి ఇదీ: ఆల్ స్పీసీస్ రిపోర్టెడ్ కాలమ్‌లో 1 ఉన్న చెక్‌లిస్టులే, అంటే గుర్తించిన జాతులన్నీ రాసినవే, తీసుకోవాలి. రెండు ఫైళ్లకూ ఒకే తేదీలు, ఒకే ప్రాంతం, ఒకే ప్రోటోకాల్ (పక్షుల్ని చూసిన పద్ధతి) వడపోత వేసి, చెక్‌లిస్టు గుర్తింపు కోడ్ అయిన శాంప్లింగ్ ఈవెంట్ ఐడెంటిఫయర్‌తో కలపాలి. ప్రధాన ఫైల్లో జత దొరకని చెక్‌లిస్టుకు 0 పడుతుంది. వడపోతలు తేడాగా వేస్తే పక్షి కనబడిన చోట కూడా 0 పడుతుంది, ఆ తర్వాత కనిపెట్టడం చాలా కష్టం. ఆర్ భాషలోని ఆక్ ప్యాకేజీ ఈ పనంతా చేస్తుంది, పంచుకున్న చెక్‌లిస్టుల అదనపు నకళ్లనూ తనే తీసేస్తుంది. పెద్ద ఫైళ్లను వడకట్టడానికి దానికి ఏడబ్ల్యూకే అనే టెక్స్ట్ వడపోత ప్రోగ్రామ్ కావాలి, విండోస్‌లో అందుకు సిగ్విన్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోక తప్పదు. ఒక జిల్లా ఫైలైతే ఆ గొడవ లేకుండా నేరుగా చదివించవచ్చు.

అక్షాంశ రేఖాంశాలను మరీ నమ్మకండి. లొకాలిటీ టైప్ 'హెచ్' అయితే ఆ బిందువు హాట్‌స్పాట్‌కు (పక్షుల్ని చూడ్డానికి అందరూ వాడే ఉమ్మడి చోటుకు) పెట్టిన గుర్తు, పక్షి వాలిన చోటు కాదు. 8 కిలోమీటర్లు నడిచిన చెక్‌లిస్టుకూ ఒకటే బిందువు. చెరువు గట్టుకూ పక్క పొలానికీ తేడా తేల్చాలంటే ఎఫర్ట్ డిస్టెన్స్ (తిరిగిన దూరం) ఒక కిలోమీటరు లోపున్నవే ఉంచాలి. వరుసలు బాగా తగ్గిపోతాయి, తగ్గనివ్వండి.

ఇన్ని చిక్కులున్నా దీన్ని వదలమని చెప్పను. 2023లో భారత పక్షుల స్థితిపై వెలువడిన నివేదిక సుమారు 30,000 మంది నమోదు చేసిన 3 కోట్లకు పైగా పరిశీలనల మీద నిలబడింది, అవన్నీ ఈబర్డ్‌లోవే. సమయం, దూరం, మనుషుల సంఖ్య ప్రతి చెక్‌లిస్టుకూ రాయించడమే దీని అసలు బలం.

ఏటా వర్గీకరణ మారుతుందని గుర్తుంచుకోండి. పశువుల వెంట తిరిగే తెల్లకొంగ, క్యాటిల్ ఈగ్రెట్, 2023లో తూర్పు, పశ్చిమ జాతులుగా విడిపోయింది. అంతకుముందు దింపుకున్న ఫైల్లో పాత పేరే ఉంటుంది. అందుకే పాత ఫైలుకు కొత్త నెలల వరుసలు అతికించకుండా మొత్తం మళ్లీ దింపుకోండి. ఫైలు పేరులో ఉండే విడుదల నెలను చెరపకండి.