గ్లాసెడు వేడినీళ్లు, గేఫీల్డ్ మైదానం

మా మావయ్యగారు పొద్దున్నే బీపీ మాత్ర వేసుకోవడానికి గ్లాసెడు వేడినీళ్లు అడిగితే, టిఫిన్ టైమ్ దాటిపోయిందని ఇవ్వను పొమ్మన్నాడు స్కాట్లండ్‌లోని ఆర్‌బ్రోత్‌లో మేం దిగిన గెస్ట్ హౌస్ ఓనరు. అప్పుడు టైమ్ ఎనిమిదిన్నర దాటి రెండు నిమిషాలు. అదే ఊళ్లో, అదే రోజు మధ్యాహ్నం, ఒక చిన్న ఫుట్‌బాల్ గ్రౌండులో ముక్కూమొహం తెలియని మనుషులు ఆయన్ని ఎంత బాగా చూసుకున్నారో చూశాక, ఈ రెండూ కలిపి రాయకపోతే మనసు ఊరుకోలేదు.

మేం గ్లాస్గోలో ఉంటాం. మావయ్యగారిది కాకినాడ దగ్గర ఉప్పాడ. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. వయసు 68. మూడు నెలలు ఉందామని మా దగ్గరికి వచ్చి, నెల తిరగకుండానే చలికి విసిగిపోయారు. సముద్రం చూపిస్తే కాస్త కుదుటపడతారని మా ఆవిడ అంది. ఇక్కడివాళ్ల ఫుట్‌బాల్ పిచ్చి ఎలా ఉంటుందో కూడా చూపిద్దామని నేనన్నాను. గ్లాస్గోలో పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు రెండు, సెల్టిక్, రేంజర్స్. సెల్టిక్ స్టేడియంలో 60 వేల మంది, రేంజర్స్ దాంట్లో 50 వేల మంది పడతారు. సీట్లలో ఎక్కువ భాగం సీజన్ టికెట్ల వాళ్లవే. పైగా అంత జనంలో పెద్దాయనతో వెళ్లాలంటే నాకు టెన్షన్. అందుకని మార్చి నెలలో ఒక శుక్రవారం సాయంత్రం కారేసుకుని తూర్పు తీరంలోని ఆర్‌బ్రోత్‌కి బయల్దేరాం. దాదాపు వంద మైళ్లు. పెట్రోలు రానూపోనూ 31 పౌండ్లయింది.

బస సంగతి చెప్పాలి. రెండు గదులు, రెండు రాత్రులు, గదికి రోజుకి 79 పౌండ్లు. సముద్రం కనిపించే గదులని ఆన్‌లైన్‌లో ఫొటోలు పెట్టారు. డబ్బు ముందే కట్టించుకున్నారు, రద్దు చేసుకుంటే వాపసు లేదు. తొమ్మిదింటికి చేరతామని రెండు రోజుల ముందే మెయిల్ పెట్టాను, సరేనని జవాబు కూడా వచ్చింది. తీరా వెళ్తే, ఏడు తర్వాత తాళం ఇవ్వాలంటే 20 పౌండ్లు అదనం అన్నాడు. మెయిల్ చూపించాను. "రమ్మన్నాను, ఊరికే అనలేదు" అన్నాడు. గది కిటికీ తీస్తే వెనక సందులో చెత్త డబ్బాలు, వాటి పక్కన ఒక వ్యాను. సముద్రం చప్పుడు మాత్రం వినిపించింది.

పదింటికల్లా హీటర్లు ఆగిపోయాయి. గదిలో స్విచ్ ఉంది కానీ పనిచేయదు, కంట్రోలు కింద ఓనరు దగ్గర. మావయ్యగారు మంకీ క్యాప్, రెండు స్వెటర్లు, మా ఆవిడ కోటు వేసుకుని మంచం మీద కూర్చునే ఉన్నారు. ఏమీ అనరు, అదే బాధ. "పడుకోండి బాబూ, నాకు అలవాటే. తుపాను డ్యూటీల్లో ఎన్ని రాత్రులు స్తంభాల కింద కూర్చోలేదు" అన్నారు. మా ఆవిడ బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చింది. తెల్లారాక వేడినీళ్ల దగ్గర ఆ మాట. మాత్ర చన్నీళ్లతోనే మింగారు, గంటలో దగ్గు పట్టుకుంది. హీటరు, తాళం ఇచ్చే వేళ, టిఫిన్ వేళ, ఈ మూడింటి సంగతీ రాతపూర్వకంగా తేల్చుకోకుండా ఇలాంటి చిన్న బసలకు ముందే డబ్బు కట్టకండి.

పొద్దున ఆర్‌బ్రోత్ అబీ, అంటే పాత క్రైస్తవ మఠం, శిథిలాలు చూశాం. 1320 నాటి స్కాట్లండ్ స్వాతంత్ర్య ప్రకటనకి పేరు ఆ చోటు నుంచే వచ్చింది, చూడదగ్గదే.

అక్కణ్నుంచి రేవు వైపు నడుస్తుంటే పొగ వాసన వచ్చింది. మావయ్యగారు ఆగి, "చేప" అన్నారు. ఆ రోజు ఆయన నోట వచ్చిన మొదటి ఉత్సాహపు మాట అదే. ఇక్కడి పొగబెట్టిన చేప, స్మోకీ పేరు స్కాట్లండ్ అంతా తెలుసు. హాడక్ చేపల తలలు తీసి, ఉప్పు పట్టించి, రెండేసి చొప్పున తోకల దగ్గర పురికొసతో జత కట్టి, కర్రలకు వేలాడదీస్తారు. కింద గట్టి కట్టెల మంట, పైన తడి గోనెపట్టా. గంటలోపే చేప పైన రాగి రంగుకి వస్తుంది, లోపల తెల్లగా పొరలు పొరలుగా విడిపోతుంది. ఆర్‌బ్రోత్ చుట్టుపక్కల 8 కిలోమీటర్ల లోపల చేసినదానికే ఆ పేరు పెట్టాలి, 2004 నుంచి దీనికి యూరప్ గుర్తింపు ఉంది. ఒక్కోటి ఆరున్నర పౌండ్లు. కాగితంలో పెట్టి చేతికిస్తే మావయ్యగారు నిలబడే వేళ్లతో ముల్లు తీసి పక్కకి పెట్టి, మొత్తం తినేశారు. "మనకి ఎండుంది, ఎండబెట్టుకున్నాం. వీళ్లకి ఎండ లేదు, పొగబెట్టుకున్నారు" అన్నారు. కారం లేదన్న మాటే రాలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి గేఫీల్డ్ మైదానానికి వెళ్లాం. ఆర్‌బ్రోత్ క్లబ్బు 1880 నుంచి ఆడుతున్నది ఇక్కడే. యూరప్ మొత్తంలో సముద్రానికి అతి దగ్గరగా ఉన్న ఫుట్‌బాల్ మైదానంగా దీనికి పేరు. ఒక వైపు గోడ, గోడవతల రాళ్లు, రాళ్ల మీద ఉత్తర సముద్రం. నాకూ మా ఆవిడకూ చెరో 20 పౌండ్లు, మావయ్యగారికి పెద్దవాళ్ల రాయితీతో 12. ఇనుప గేటు తిప్పుకుని లోపలికి వెళ్తే ఒకవైపే కుర్చీల స్టాండు, మిగతా మూడువైపులా నిలబడి చూసే మెట్లు. అందరి మెడల్లోనూ మెరూన్ మఫ్లర్లు.

మావయ్యగారు నిలబడలేరని నేను స్టాండు వైపు చూస్తుంటే, కడ్డీ దగ్గర ఒక ముసలాయన పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న తెచ్చి నిలబెట్టిన చోటేనట అది. యాస నాకే సగం అర్థమైంది. మా ఆవిడ మధ్యలో ఉండి ఇటు అటు చెప్పింది. మావయ్యగారి మొదటి ప్రశ్న ఆట గురించి కాదు. ఫ్లడ్‌లైటు స్తంభం చూపించి, "ఉప్పుగాలికి దీన్ని తుప్పు పట్టకుండా ఎలా ఆపుతున్నారో అడుగమ్మా" అన్నారు. ముసలాయన మొహం వెలిగిపోయింది. ఆపలేమని, గీకడం రంగేయడం ఎప్పటికీ తెమలని పనేనని చెప్పాడు. ఇద్దరూ స్తంభం మొదలు దగ్గరికి వెళ్లి, పెచ్చులూడిన చోట గోటితో గీకి చూసుకున్నారు. మావయ్యగారు ఫోనులో ఉప్పాడ బీచ్ రోడ్డు ఫొటో చూపించారు, అలలకు సగం కోసుకుపోయింది. అది చూసి ఆయన తల పంకించి, మైదానం గోడ వైపు చెయ్యి చూపించాడు. సరిగ్గా అప్పుడే ఒక అల గోడకి కొట్టి, తుంపర మా మీద పడింది.

ఆట మూడింటికి మొదలైంది. గాలి సముద్రం వైపు నుంచి కొడుతోంది. అవతలి జట్టు గోలీ బంతిని ఎత్తుగా తన్నితే అది మధ్యగీత దాటకుండానే గాల్లో ఆగి వెనక్కి వంగింది. జనం "ఓ" అని అరిచారు. ఇక్కడ గాలి ఎటుందో తెలియకపోతే ఆట తెలియదని ముసలాయన చెప్పాడు. జట్టు తెలివి ఉన్నా లేకపోయినా, ఒక సగం గాలితో, ఒక సగం గాలికి ఎదురు ఆడాల్సిందే.

ఆ రోజు వచ్చిన జనం పదిహేను వందల లోపే ఉంటారని నా అంచనా. మైదానంలో ఆరున్నర వేల మంది పడతారు కాబట్టి టీవీలో చూస్తే ఖాళీగా కనిపిస్తుంది. కానీ ఊరి జనాభా 24 వేల లోపు. ప్రతి పదహారు, పదిహేడు మందిలో ఒకరు చలిలో, తుంపరలో, డబ్బు పెట్టి వచ్చి నిలబడ్డారన్నమాట. మా కాకినాడలో అదే లెక్కన జనం వస్తే ఏ స్టేడియమూ చాలదు. పైగా ఇదే యాంగస్ జిల్లాలో ఫర్ఫార్, మాంట్రోజ్, బ్రీకిన్ అని ఇంకో మూడు ఊళ్లకు పేరున్న పాత క్లబ్బులు ఉన్నాయి, అన్నీ అరగంట దూరాల్లో. వాటికి తోడు శనివారం పొద్దున్నే ఇలాంటి ఊళ్ల నుంచే సెల్టిక్, రేంజర్స్ మ్యాచ్‌లకు అభిమానుల బస్సులు గ్లాస్గో వెళ్తాయి. అవన్నీ పోగా మిగిలి, గెలుపు ఖాయం కాని చోట నిలబడేవాళ్లు వీళ్లు.

ఇంకొక సంగతి నాకు చాలా నచ్చింది. శనివారం మధ్యాహ్నం రెండూ ముప్పావు నుంచి అయిదుంబావు వరకు బ్రిటన్‌లో మామూలుగా ఫుట్‌బాల్ మ్యాచ్‌లను టీవీలో లైవ్ ఇవ్వకూడదన్న నియమం ఉంది. పెద్ద జట్ల ఆట ఇంట్లో కూర్చుని చూస్తే చిన్న జట్ల గేట్లు ఎండిపోతాయని పెట్టుకున్నారు. లీగ్ మ్యాచ్‌లో గేటు డబ్బు సొంత మైదానం జట్టుకే చెందుతుంది. మనం ఇచ్చిన 20 పౌండ్లు ఎక్కడికి పోయాయో అక్కడే కనిపిస్తుంది, ఆ గడ్డి, ఆ లైట్లు, ఆ రంగు డబ్బాలు. తాగుబోతులుంటారేమోనని మావయ్యగారు భయపడ్డారు గానీ, 1980 స్కాటిష్ కప్ ఫైనల్లో అభిమానుల గొడవ తర్వాత స్కాట్లండ్ ఫుట్‌బాల్ గ్రౌండ్లలో మామూలు ప్రేక్షకులకు మద్యం అమ్మడం ఆపేశారు. కుటుంబంతో ధైర్యంగా వెళ్లొచ్చు.

సగం ఆట అయ్యాక జనం కదిలారు. మెట్ల మీదున్న వాళ్లంతా మైదానం చుట్టూ నడిచి రెండో వైపుకి వెళ్తున్నారు. రెండో సగంలో తమ జట్టు గోలు కొట్టాల్సిన వైపు నిలబడటానికి! రెండు జట్ల అభిమానుల మధ్య కంచెలు వేయని రోజుల్లో ఇది ఇక్కడి ఆచారం. అవతలి వాళ్లు ఎదురొస్తుంటే తప్పుకుంటూ, పలకరించుకుంటూ వెళ్లారు. మావయ్యగారు ఏం జరుగుతోందో అడగకుండానే ముసలాయన వెంట నడిచేశారు.

దారిలో టీ కొట్టు దగ్గర ఆగాం. టీ 2 పౌండ్లు, పై 3 పౌండ్లు. స్కాచ్ పై అంటే గట్టి పిండి గిన్నెలో మాంసం కీమా పెట్టి కాల్చింది. మాంసం ఏమిటో అడిగి తీసుకోండి. బోవ్రిల్ అని పొగలు కక్కే ఒకటి అందరూ తాగుతారు, అది గొడ్డుమాంసం సారం, తినని వాళ్లు జాగ్రత్త. మావయ్యగారికి అప్పుడు దగ్గు తెర వచ్చింది. కిటికీ వెనకున్న ఆవిడ, వరుసలో మా ముందు నలుగురున్నా, పేపర్ కప్పులో వేడినీళ్లు పట్టి, అరచేత్తో కప్పు చుట్టూ పట్టుకుని వేడి చూసి, కాస్త చన్నీళ్లు కలిపి, మళ్లీ పట్టుకుని చూసి, ఆయన చేతికిచ్చింది. నేను కార్డు తీశాను. తల అడ్డంగా ఊపి, తర్వాతి మనిషిని పిలిచింది. మా ఆవిడకి మళ్లీ కళ్లలో నీళ్లు.

రెండో సగంలో ముసలాయన పాత కథలు చెప్పాడు. 1885 సెప్టెంబరు 12న స్కాటిష్ కప్‌లో అబర్‌డీన్ నుంచి వచ్చిన బాన్ అకార్డ్ జట్టు మీద ఆర్‌బ్రోత్ 36-0తో గెలిచింది. జాకీ పెట్రీ అనే కుర్రాడు ఒక్కడే 13 గోల్సు. ఆర్‌బ్రోత్ గోలీ ఒక్కసారి కూడా బంతి తాకక, వానలో గొడుగు కింద నిలబడ్డాడని చెప్పుకుంటారు. అది నవ్వుతూ చెప్పాడు. 2022 గురించి మాత్రం నవ్వకుండా చెప్పాడు. పగలు వేరే ఉద్యోగాలు చేసుకునే ఆటగాళ్లతో డిక్ క్యాంప్‌బెల్ నడిపిన జట్టు ఆ ఏడాది పై లీగ్ గుమ్మం దాకా వెళ్లింది. ఏప్రిల్ 22 రాత్రి కిల్మార్నక్‌లో మొదటి గోలు వీళ్లదే. చివరి పది నిమిషాల్లో రెండు గోల్సు ఇచ్చేసి ఓడిపోయారు. ఆ తర్వాత పై లీగ్‌కి వెళ్లడానికి ఇంకో అవకాశమైన ప్లేఆఫ్ పోటీలో ఇన్వర్‌నెస్ జట్టు చేతిలో పెనాల్టీల్లో ఓడి, అదీ పోయింది. "ఒక్క పది నిమిషాలు" అని కడ్డీ మీద చేత్తో కొట్టాడు. మావయ్యగారికి మా ఆవిడ తెలుగులో చెప్పేలోపే అర్థమైపోయి, ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

ఆ రోజు ఆట 1-1. వెళ్లేముందు 15 పౌండ్లు పెట్టి మెరూన్ మఫ్లర్ కొన్నాం. టికెట్లు, మూడు టీలు, రెండు పైలు, మఫ్లర్ కలిపి సరిగ్గా 79 పౌండ్లు, ఆ చెత్త డబ్బాల గదికి ఒక రాత్రి అద్దె ఎంతో అంతే. రెండో రాత్రి ఆ గదుల్లో పడుకోలేదు. డబ్బు పోతే పోయిందని సాయంత్రమే గ్లాస్గో వచ్చేశాం.

మీరు వెళ్తే డండీ నగరంలో బస చేయండి, అక్కణ్నుంచి ఆర్‌బ్రోత్‌కి రైల్లో 20 నిమిషాలే. గాలివాన ఎక్కువైతే మ్యాచ్ వాయిదా పడొచ్చు, బయల్దేరే ముందు క్లబ్బు సైటు చూసుకోండి. చెవులు మూసే టోపీ తప్పనిసరి. కుర్చీల కోసం ఆశపడకండి, మెట్ల మీదే నిలబడండి.

మావయ్యగారు ఏప్రిల్‌లో ఉప్పాడ వెళ్లిపోయారు. ఆర్‌బ్రోత్ ఆడే శనివారాల్లో అక్కడ రాత్రి పొద్దుపోయాక ఫోను చేస్తారు. స్కోరు తర్వాత అడుగుతారు. ముందు, "ఇవాళ గాలి ఎటుందట బాబూ?" అంటారు.