క్యాటలినా 22 బూమ్, రిగ్గింగ్ గ్యారేజీలో మార్చాక: మూడేళ్ల వాడకంలో ఏది నిలిచింది

డాలస్ పక్కన లూయిస్‌విల్ లేక్‌లో నడుపుకునే నా పాత క్యాటలినా 22 తెరచాప పడవకి బూమ్ సామాను, తాళ్లు, తీగలు ఇంటి గ్యారేజీలోనే మార్చి మూడేళ్లు దాటింది. 1969లో మొదలై పదిహేను వేలకు పైగా తయారైన మోడల్ కాబట్టి విడిభాగాలకు కరువు లేదు. ఏది కొనాలన్నదే తల నొప్పి.

బూమ్ అంటే తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అల్యూమినియం గొట్టం. దానికి స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగిస్తారు. తడి తగిలిన చోట అల్యూమినియం తినుకుపోయి తెల్లపొడి కడుతుంది, స్క్రూ ఇక కదలదు. ఉప్పునీళ్లలో ఇది త్వరగా జరుగుతుంది, మంచినీళ్లలోనూ తప్పదు. హీట్ గన్‌తో వేడిచేసి, నూనె వేసి, సుత్తి దెబ్బతో తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ పెడితే చాలావరకు ఊడాయి. మొండివాటి తలలు డ్రిల్లుతో తీసేశాను. తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూ మరకూ టెఫ్-జెల్ అనే, ఇలా తినుకుపోకుండా ఆపే పేస్టు పూశాను. ఇంత చిన్న సిరంజికి అంత ధరా అనిపిస్తుంది. మొన్న బూమ్ చివరి మూత విప్పితే స్క్రూలు కొత్తవాటిలా తిరిగి వచ్చేశాయి. ఈ మొత్తం పనిలో పూర్తి మార్కులు దీనికే.

పాత బూమ్‌లో గాలి ఎక్కువైతే చాపను బూమ్ చుట్టూ చుట్టాలి. చాప ఉబ్బి సంచిలా వేలాడేది. ఇప్పుడు బూమ్ పక్కన గిలక, క్లీట్ (తాడును జారకుండా పట్టి ఉంచేది) బిగించి, చాప అడుగును తాడుతో కిందికి లాగి కడుతున్నాను. ఏప్రిల్, మే నెలల దక్షిణపు గాలికి ఈ మార్పు ఒక్కటి చాలు, ఖర్చంతా గిట్టినట్టే. ముందుకొకటి, వెనక్కొకటి వేరు తాళ్లు పెట్టుకోండి. రెండు పనులూ ఒకే తాడుతో చేసే పద్ధతిలో రాపిడి ఎక్కువ.

చాపను పైకెత్తే తాడు పాతదానిలో సగం స్టీలు తీగ. తెగిన పోగులు అరచేతిలో గుచ్చుకునేవి. బదులుగా 8 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు వేశాను. తీగ కోసం చేసిన గిలకకు గాడి సన్నగా ఉంటుంది, తాడును కోసేస్తుంది. తెరచాప కొయ్య (మాస్ట్) మీది గిలక కూడా మార్చాల్సిందే. చాలా బలమైన, సాగని డైనీమా పోగు తాడు వేయమని చాలామంది అంటారు కానీ సరదాగా తిరిగే పడవకు అది అనవసరం అని నా అభిప్రాయం. చాప మూలను బూమ్ చివరికి లాగే తాడు మాత్రం డైనీమాయే వేశాను, సాగదు. జారుడు తాడు కనుక ముడి నిలవదు, స్ప్లైస్ చేయాలి, అంటే తాడు కొసను తాడు లోపలికే దూర్చి కలపాలి. తాడు మందానికి 72 రెట్ల పొడవు లోపలికి దూర్చాలి, అంటే 5 మిల్లీమీటర్ల తాడుకు 36 సెంటీమీటర్లు. ఎండకు పైన నూగు లేచింది, బలం తగ్గినట్టు లేదు.

కొయ్యను నిలబెట్టే తీగలు మాత్రం ఇంట్లో చేయొద్దు. కొలతలిచ్చి షాపులోనే చివర్లు ప్రెస్ చేయించుకున్నాను. కొత్త తీగ మొదట్లో సాగుతుంది, తీగ బిగువు కొలిచే లూస్ (Loos) గేజ్ పెట్టి మళ్లీ బిగించాలి. సీజన్ మొదట్లో దూదితో తుడిచి చూడండి, తెగిన పోగు ఉంటే దూది చిక్కుకుంటుంది.

చవకని కొన్న, తాడును పళ్లతో కరిచి పట్టే ప్లాస్టిక్ క్యామ్ క్లీట్ల పళ్లు టెక్సాస్ ఎండకు రెండో వేసవికే అరిగిపోయాయి. ఆ చోట అల్యూమినియంవే కొనండి.